మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా: కొలువుల దారిలో సమత

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మూసీ దాటి, మలక్‌పేట మీదుగా తూర్పుకు సాగుతూ మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటలను ఒరుసుకుని ఎల్బీనగర్ చౌరస్తాకు చేరుతుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మార్గం మొదలైన నాటి నుంచి మెట్రో రైలు కూడా ఇదే దారికి పైన నడుస్తోంది. సుమారు 5 కిలోమీటర్ల ఈ భాగానికి యాత్రికుల పుస్తకాల్లో చోటు దొరకడం అరుదు. అయితే తెలుగునాట ఎవరికి కొలువు దొరుకుతుంది, దొరికిన కొలువులో ఎవరి స్థితి ఎలా ఉంటుంది అన్న ప్రశ్నను నేల మీద నడుస్తూ పరిశీలించదలచినవారికి నగరంలో ఇంత అనువైన దారి మరొకటి కనిపించదు. కొలువు కోసం చదివేవారు, కొలువులో రోజంతా నిలబడేవారు, ఆ పూట పని కోసం తెల్లవారకముందే రోడ్డు పక్కకు చేరేవారు, ముగ్గురూ ఇక్కడ ఒకరికొకరు కూతవేటు దూరంలోనే ఉంటారు.

పని స్థలంలో వైవిధ్యం అంటే కులం, మతం, ప్రాంతం, లింగం, శారీరక స్థితి వేర్వేరుగా ఉన్నవారు ఒకే చోట పనిచేయడం. సమత అంటే ఆ తేడాల వల్ల ఎవరూ నష్టపోకుండా పని వేళలను, వసతులను, పదోన్నతిని, కూలిని సరిదిద్దడం. మొదటిది మనుషులను తీసుకురావడంతో పూర్తవుతుంది, రెండవది వారిని తీసుకువచ్చిన చోటును మార్చనిదే మొదలు కూడా కాదు. ఈ రెంటికీ నడుమ ఎంత ఎడం ఉందో కొలవడానికే ఈ ప్రయాణం.

మూసారాంబాగ్ పేరులోనే ఒక పరదేశి ఉద్యోగి ఉన్నాడు. నిజాం సైన్యంలో సేనాధిపతిగా పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచివాడు మిషెల్ రేమాన్‌ను ముస్లింలు మూసా రహీం అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారని ప్రతీతి. ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఇప్పటికీ ఉంది. బయటివారిని పెద్ద కొలువుల్లో పెట్టుకోవడం హైదరాబాద్ ప్రభువులకు కొత్త కాదు. 1853 నుంచి మూడు దశాబ్దాలు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ పరిపాలనను ఆధునికం చేసే పనిలో ఉత్తరాది నుంచి చదువుకున్నవారిని రప్పించగా, స్థానికుల్లో పుట్టిన అసంతృప్తి క్రమంగా ముల్కీ, గైర్ ముల్కీ వివాదంగా రూపుకట్టింది. ముల్కీ అంటే రాజ్యానికి చెందినవాడు. 1919లో నిజాం జారీ చేసిన ఫర్మానా ప్రకారం రాజ్యంలో కనీసం 15 ఏళ్లు స్థిరనివాసం ఉన్నవారు కూడా ఆ కోవలోకి వచ్చేవారు. ఉద్యోగాల్లో న్యాయమైన వాటా అనే ఆలోచన తెలంగాణలో కులం కన్నా, లింగం కన్నా ముందు ప్రాంతం పేరుతోనే శాసనమైందన్న సంగతి ఈ దారి చివర మళ్లీ అవసరమవుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ మెట్లు దిగగానే కనిపించేవి బోర్డులు: బ్యాంకు పరీక్షలు, ఎస్సై, కానిస్టేబుల్, గ్రూప్స్, డీఎస్సీ, జావా, పైథాన్, క్లౌడ్. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చే బస్సులు నగరంలోకి ప్రవేశించే దారి ఇదే కావడంతో, ఊరి నుంచి పెట్టెతో దిగినవారికి హాస్టలు, మెస్సు, కోచింగ్ సెంటరు ఇక్కడే దొరికాయి. గడ్డిఅన్నారం, చైతన్యపురి గల్లీలు పేయింగ్ గెస్ట్ గదులతో నిండిపోయాయి. ఈ గల్లీల్లో టీ బండి దగ్గర నిలబడి వింటే, న్యాయశాస్త్ర విద్యార్థులు కూడా తడబడే మాటలు అలవోకగా వినిపిస్తాయి: రోస్టర్ పాయింట్, హారిజాంటల్, లోకల్ కేడర్, మల్టీజోన్. రోస్టర్ అంటే నూరు ఖాళీలను వరుసగా రాసి, ఏ సంఖ్య ఏ వర్గానికి చెందుతుందో ముందే నిర్ణయించిన పట్టిక. ఒక మార్కు తేడాతో జీవితం మలుపు తిరిగే చోట ఈ పట్టికను కంఠతా పట్టడంలో వింత లేదు.

ఈ పట్టిక వెనుక గట్టి చరిత్ర ఉంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరి 2న సర్వీసు నిబంధనల్లో 22-ఎ అనే నిబంధనను చేర్చి, స్త్రీ పురుషులిద్దరూ సమానంగా తగిన ఉద్యోగాల్లో, ఇతర అర్హతలు సమానమైనప్పుడు, ప్రతి వర్గపు కోటాలోనూ కనీసం 30 శాతం మహిళలతో నింపాలని నిర్దేశించింది. దీన్ని హైకోర్టు కొట్టివేయగా, వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1995లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పి.బి. విజయకుమార్‌ల మధ్య నడిచిన ఆ కేసులో జస్టిస్ సుజాతా మనోహర్ తీర్పు రాస్తూ, మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని రాజ్యాంగం 15వ అధికరణంలోని మూడవ క్లాజు రాజ్యానికి ఇస్తున్నదనీ, ఆ అధికారం ఉద్యోగాలకు కూడా వర్తిస్తుందనీ తేల్చారు. మరుసటి ఏడాది ఆ వాటా మూడింట ఒక వంతుకు పెరిగింది. ఇవాళ దేశంలో ఎక్కడ మహిళా కోటా చర్చకు వచ్చినా న్యాయవాదులు ఉదహరించే ఈ తీర్పు తెలుగు నేల మీది వివాదంలోంచి పుట్టిందన్న సంగతి ఇక్కడి పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక బిట్టు ప్రశ్నకు మించి చోటు సంపాదించుకోలేకపోవడం విచారకరం.

కోటా ఉండటం ఒక ఎత్తు, దాన్ని లెక్కకట్టే తీరు మరొక ఎత్తు. ఎస్సీ, ఎస్టీ, బీసీ వంటి సామాజిక వర్గాల రిజర్వేషన్లను నిలువు రిజర్వేషన్లనీ, ఆ వర్గాలన్నింటినీ అడ్డంగా కోస్తూ పోయే మహిళల, వికలాంగుల రిజర్వేషన్లను సమాంతర (హారిజాంటల్) రిజర్వేషన్లనీ అంటారు. సమాంతర పద్ధతిలో ముందుగా ప్రతిభ ప్రకారం జాబితా తయారుచేసి, అందులో మహిళలు ఎందరున్నారో లెక్కించి, మూడో వంతుకు తక్కువైతేనే ఆ లోటును పూడుస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 10న ఇచ్చిన 3వ నంబరు ఉత్తర్వుతో, మహిళలకు రోస్టర్‌లో విడిగా గుర్తించిన సంఖ్యలు పోయి ఈ పద్ధతి వచ్చింది. సుప్రీంకోర్టు పాత తీర్పులకు అనుగుణంగానే ఈ మార్పు చేశామన్నది ప్రభుత్వ వాదన కాగా, పాత పద్ధతిలో తమకు దక్కే ఉద్యోగాలు తగ్గిపోతాయని మహిళా అభ్యర్థులు నిరసన తెలిపారు. న్యాయపరంగా ప్రభుత్వ వాదనలో బలముంది. అయినా హాస్టల్ గదికి మూడేళ్లుగా అద్దె కడుతున్న అమ్మాయికి పరీక్ష మధ్యలో లెక్క మారడం ఆటలో నియమం మారినట్టే అనిపిస్తుంది, అలా అనిపించడాన్ని తప్పుపట్టలేం.

ఒకే వర్గంలో కూడా అందరూ ఒకే గీత దగ్గర నిలబడి లేరన్న వాదన ఇంకా లోతైనది. ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994 జూలై 7న మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, ఎస్సీ కోటాలోని ఉద్యోగాలు కొన్ని కులాల దగ్గరే ఆగిపోతున్నాయని అడిగిన ప్రశ్నకు ముప్పై ఏళ్ల తరువాత జవాబు వచ్చింది. 2004లో చిన్నయ్య కేసులో ఎస్సీ కోటాను కులాల మధ్య విడదీసే వర్గీకరణ చెల్లదన్న సుప్రీంకోర్టు, 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఆ తీర్పును తానే తిరగరాసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా విభజించి, 15 శాతం కోటాను 1, 9, 5 శాతాలుగా పంచుతోంది. సమత అనేది ఒకసారి సాధించి పక్కన పెట్టే వస్తువు కాదనీ, లోపలికి వెళ్లేకొద్దీ మరో పొర బయటపడుతుందనీ చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఈ కోచింగ్ సెంటర్ల నుంచి కొందరు సర్కారు కొలువుకు పోతే, మరికొందరు సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తిచేసి రాయదుర్గం ఐటీ కంపెనీల మీదుగా అమెరికా చేరతారు. కులం కూడా వారితో పాటే విమానం ఎక్కుతుందని అక్కడి చట్టసభలు గుర్తించక తప్పలేదు. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించగా, అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ అటువంటి బిల్లునే, ఉన్న చట్టాలు చాలునంటూ వెనక్కి పంపారు.

దిల్‌సుఖ్‌నగర్ రోస్టర్లన్నీ రోడ్డు అవతలి షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర ఆగిపోతాయి. బస్ డిపో పరిసరాల నుంచి చైతన్యపురి దాకా బట్టల మాళ్లు, నగల దుకాణాలు, చెప్పుల షాపులు అంతస్తుల మీద అంతస్తులుగా లేచి ఉంటాయి. వైవిధ్యాన్ని తలలు లెక్కపెట్టి కొలిస్తే వీటికి మంచి మార్కులే పడతాయి. చీరల కౌంటర్ల వెనుక హయత్‌నగర్, ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ వైపు పల్లెల ఆడపిల్లలు, పాతబస్తీ నుంచి వచ్చే ముస్లిం యువతులు, ఇంటర్ దగ్గర చదువు ఆగిన పిల్లలు, భర్త సంపాదన చాలని ఇల్లాళ్లు ఉంటారు. అయితే చూపు కొంచెం పైకెత్తితే, క్యాష్ కౌంటర్, ఫ్లోర్ ఇన్‌చార్జి, మేనేజర్ స్థానాలకు వచ్చేసరికి ఈ వైవిధ్యం పలచబడి, చాలాచోట్ల మగవారే మిగులుతారు.

అంతకన్నా తేలికగా కంటికి కనిపించేది కుర్చీ లేకపోవడం. పాత బట్టల కొట్లలో తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద అమ్మేవాడూ కొనేవాళ్లూ ఎదురెదురుగా కూర్చునేవారు. బేరం ఎంత సాగినా ఇద్దరి మోకాళ్లకూ విశ్రాంతి ఉండేది. మాల్ వచ్చాక కొనేవారికి సోఫా మిగిలింది, అమ్మేవారికి నిలబడటం మిగిలింది. కొనుగోలుదారు లేని వేళ కూడా కూర్చోకూడదన్న నియమం, రాసి పెట్టకపోయినా, అనేక దుకాణాల్లో అమలవుతుంది. రోజుకు తొమ్మిది పది గంటలు నిలబడితే కాళ్ల వాపు, నడుము నొప్పి, సిరలు ఉబ్బడం తప్పవు; బాత్‌రూమ్ దూరంగా ఉండటమో, వెళ్లాలంటే ఇన్‌చార్జిని అడగవలసి రావడమో కారణంగా నీళ్లు తాగడం తగ్గించుకునేవారికి మూత్రనాళ ఇన్ఫెక్షన్లు అదనం.

ఇది విధి కాదనీ, మార్చగలిగినదేననీ కేరళ చూపించింది. కోళికోడ్‌లోని మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు, దర్జీ పని చేసే పి. విజి నాయకత్వంలో, మొదట మరుగుదొడ్ల కోసం, తరువాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడగా, 2018లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కుర్చీలు ఏర్పాటు చేయడాన్ని యజమాని విధిగా మార్చింది. 2021లో తమిళనాడు అదే పని చేసింది. ఆశ్చర్యమేమిటంటే, ఫ్యాక్టరీలలో నిలబడి పనిచేసేవారికి కూర్చునే సదుపాయం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ అప్పుడే చెప్పింది. యంత్రం దగ్గర నిలబడిన మగవాడి కాళ్ల నొప్పి శాసనకర్తలకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే అర్థమైంది. చీరలు మడతపెట్టే స్త్రీ కాళ్ల నొప్పి మొట్టమొదటి రాష్ట్ర శాసనసభకు అర్థం కావడానికి మరో డెబ్భై ఏళ్లు పట్టింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రతా కోడ్‌లో నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు సంక్షేమ వసతుల జాబితాలో చేరింది. జాబితాలోని మాట కౌంటర్ వెనుక స్టూలుగా మారాలంటే తనిఖీ అధికారి చీరల అంతస్తు దాకా మెట్లెక్కాలి.

వేళల విషయంలో చట్టం మరో మార్గం పట్టింది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉదయం 6 గంటలకు ముందు, రాత్రి 8.30 తరువాత స్త్రీలను పనిలో ఉంచరాదన్నది. అంటే, రాత్రిని సురక్షితం చేయడం కష్టం కాబట్టి రాత్రి నుంచి స్త్రీని తొలగించింది. పండుగ సీజన్‌లో దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో అసలు రద్దీ ఆ గంట తరువాతే కావడంతో, నిషేధం ఉన్న కాలంలో కూడా అది ఏపాటి అమలయ్యేదో అటు తిరిగిన ప్రతి కొనుగోలుదారుకూ తెలుసు. కొత్త కోడ్ దారి మార్చి, స్త్రీ సమ్మతి ఉంటే, భద్రతా ఏర్పాట్లు చేస్తే, రాత్రి పనికి అనుమతిస్తున్నది. సూత్రం సరైనదే. కాకపోతే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట సమ్మతి పత్రం మీద సంతకానికి ఎంత విలువ ఇవ్వాలన్నది కోడ్ తేల్చని ప్రశ్న.

లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు కావాలి, బయటి నుంచి ఒక సభ్యుడో సభ్యురాలో ఉండాలి. పదిమంది లేని చోట పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవాలి. ఇక్కడ భూగోళం అడ్డుపడుతుంది: ఈ దారి మధ్యలోనే హైదరాబాద్ జిల్లా ముగిసి రంగారెడ్డి జిల్లా మొదలవుతుంది కనుక, నలుగురు పనిచేసే ఫ్యాన్సీ షాపులోని అమ్మాయి ముందుగా తన దుకాణం ఏ కలెక్టరు పరిధిలో ఉందో తెలుసుకోవాలి, అదీ సంఘటన జరిగిన మూడు నెలల్లోగా.

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర మాత్రం కథ కొంత వేరుగా ఉంటుంది. 1990ల నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళా కండక్టర్లు సాధారణ దృశ్యమయ్యారు. అయినా డిపోల్లో బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి వంటి కనీస వసతుల కోసం వారు చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది. 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మె ముగిశాక, డిసెంబరు 1న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు కార్మికులతో జరిపిన సమావేశంలో మహిళా సిబ్బంది డ్యూటీ రాత్రి 8 గంటల లోపు ముగియాలనీ, డిపోల్లో వారికి ప్రత్యేక గదులు, మరుగుదొడ్లు కట్టాలనీ, పిల్లల సంరక్షణకు మూడు నెలల సెలవు ఇవ్వాలనీ ప్రకటించారు. ఖాకీకి బదులు మెరూన్ రంగు యాప్రాన్ కూడా ఆ తరువాతే వచ్చింది. అడగకుండా దక్కినది అందులో ఒక్కటీ లేదు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించడంతో, చార్జీలకే జీతంలో చెప్పుకోదగ్గ భాగం పోయే దూరపు పల్లెల అమ్మాయిలకు దిల్‌సుఖ్‌నగర్ కౌంటర్లు అందుబాటులోకి వచ్చాయి. పని స్థలంలో సమత పని స్థలం గడప దగ్గర కాదు, ఊరి బస్టాపు దగ్గర మొదలవుతుందనడానికి ఇది ఉదాహరణ. కిక్కిరిసిన ఆ బస్సులో టికెట్టు కొట్టే మహిళా కండక్టరు భారం పెరిగిందన్నదీ నిజమే.

ట్రాఫిక్ కూడళ్ల దగ్గర మరో చిన్న మార్పును గమనించాలి. హైదరాబాద్ పోలీసులు 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మూసారాంబాగ్, మలక్‌పేటలు ఆ పోలీసుల పరిధిలోనివే. ముల్కీ ఫర్మానా వెలువడిన 1919లోనే, అంటే 1329 ఫసలీలో, నిజాం రాజ్యం చేసిన మరో చట్టం హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులో ఎక్కించి, స్త్రీ వేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకునే అధికారం ఇచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జూలైలో. నూరేళ్లకు పైగా అనుమానితుల పట్టికలో ఉంచిన శాఖే యూనిఫాం ఇవ్వడం సామాన్యమైన విషయం కాదు. 39 అనే సంఖ్య చిన్నదని చెప్పడం కూడా అంతే అవసరం.

కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇప్పుడు లేదు. 2021లో అది బాటసింగారానికి తరలిపోయింది, ఆ స్థలం ఆసుపత్రికి కేటాయించారు. మార్కెట్‌తో పాటు లైసెన్సున్న కమీషన్ ఏజెంట్లు వెళ్లగలిగారు, గంపలు మోసి, కాయలు ఏరి బతికిన స్త్రీలకు అంత దూరం వెళ్లడం అంత తేలిక కాలేదు.

విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాటితే ఎల్బీనగర్. ఇక్కడికి కొద్ది దూరంలో, వనస్థలిపురం వైపు ఉన్న సాహెబ్‌నగర్‌లో, 2021 ఆగస్టులో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మురుగులోకి మనిషిని రక్షణ లేకుండా దింపడాన్ని 2013లోనే వచ్చిన మరో చట్టం నిషేధించింది. నగర జలమండలి దళిత పారిశ్రామికుల సంఘంతో కలిసి 2017లోనే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దింపి, ఒకప్పుడు మురుగు ఎత్తిన వర్గాలవారిని ఆ యంత్రాలకు యజమానులను చేసే మంచి ప్రయత్నం కూడా చేసింది. అయినా పని ఒక కాంట్రాక్టరు నుంచి మరొకరికి, అక్కడి నుంచి కూలీకి జారేకొద్దీ యంత్రం వెనకబడి మనిషి ముందుకు వస్తాడు. చీపురు, మురుగు పనుల్లో మాత్రం ఏ కోటా లేకుండానే దళితుల సంఖ్య నిండుగా ఉంటుంది. దాన్ని వైవిధ్యం అని ఎవరూ అనరు.

ఎల్బీనగర్ చౌరస్తాలో నాలుగు దిక్కులకూ దారులు చీలుతాయి. 2009 నవంబరు 29న ప్రత్యేక రాష్ట్రం కోరుతూ కాసోజు శ్రీకాంతాచారి అనే యువకుడు ఇక్కడే ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబరు 3న మరణించాడు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న ఉద్యమ నినాదంలో మూడవ మాట ముల్కీ నిబంధనల నుంచి, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 1985 నాటి 610 ఉత్తర్వు దాకా పదేపదే రాసుకుని, పదేపదే ఉల్లంఘించిన ఒక హామీ చరిత్ర. రాష్ట్రం వచ్చాక 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో స్థానిక కేడర్లలో 95 శాతం నియామకాలు స్థానికులకే కేటాయించారు. దాన్ని అమలుచేయడానికి 2021 డిసెంబరులో తెచ్చిన 317 ఉత్తర్వు సీనియారిటీ ప్రకారం ఉద్యోగులను జిల్లాలకు పంచగా, భార్య ఒక జిల్లాకు, భర్త మరో జిల్లాకు పోయిన కుటుంబాలు ఆందోళనకు దిగాయి. ప్రాంతాల మధ్య న్యాయం చేయబోతే ఇంటిలోపల అన్యాయం జరిగింది.

ఇదే చౌరస్తా పరిసరాల్లో ఉదయం అడ్డా కూలీలు గుమికూడతారు. మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన మేస్త్రీలు, తాపీ పనివారు, వారి వెంట ఇసుక, ఇటుక మోసే స్త్రీలు. బండి ఆగగానే మగవాడికి ఒక ధర, ఆడమనిషికి అంతకన్నా తక్కువ ధర పలుకుతుంది. ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలన్న 1976 నాటి సమాన వేతన చట్టం, ఇప్పుడు దాని స్థానంలోకి వచ్చిన వేతనాల కోడ్, ఆ బేరంలో ఎవరి నోటా రావు. ఇక్కడ రోస్టర్ లేదు, అంతర్గత కమిటీ లేదు, ఫిర్యాదు చేయడానికి యజమాని పేరు కూడా సాయంత్రం దాకానే ఉంటుంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కిందా, ఇప్పుడు దాని స్థానంలోకి వచ్చిన కోడ్‌ల కిందా, ఏడాదిలో 90 రోజులు పనిచేసిన 18 నుంచి 60 ఏళ్ల లోపు వారెవరైనా సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ 90 రోజుల పనికి రుజువు అడ్డా కూలీ ఎవరి దగ్గర తెచ్చుకోవాలన్నదే చిక్కు. కార్మిక శాఖ తన కార్యాలయం తెరిచే వేళకు ఈ అడ్డా ఖాళీ అయిపోతుంది కనుక, నమోదు పుస్తకం పట్టుకుని ఉదయం ఆరున్నరకే చౌరస్తాకు రావలసింది అధికారులే.